నా పేరు మీద పడిన అడుగులు

జూన్ 16, సోమవారం

పొద్దున అందరి ముందూ నువ్వన్నది తప్పు, స్వరూపా. నేను నీకంటే రెండేళ్లు పెద్ద కాదు. పదహారు నెలలు పెద్ద. ముప్పై మూడేళ్లు అమ్మాయిల కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్పినదాన్ని, పదహారుని ఇరవై నాలుగు చేస్తే ఊరుకోను. ఈ మాట అక్కడే అనవలసింది. కానీ అప్పటికి నువ్వు ఆర్ట్స్ కాలేజీ మెట్లు రెండోసారి ఎక్కుతున్నావు. నేను మొదటి మెట్టు మీద కూర్చుని ఊపిరి వెతుక్కుంటున్నాను. అందుకని ఇక్కడ రాస్తున్నాను. ఈ నోట్‌బుక్ నువ్వు చదవవు కాబట్టి గెలుపు నాదే.

యూనివర్సిటీలో ఏదో విభాగంవాళ్లు డెబ్భై ఏళ్లవాళ్ల మీద పరిశోధన మొదలుపెట్టారు. తిండీ నడకా నిద్రా మార్చుకుంటే ఆరోగ్యం ఎన్నాళ్లు నిలుస్తుంది, ఆయుష్షు ఎంత సాగుతుంది అని. అరవైమందిమి. తలా ఒక బ్యాండ్ చేతికి కట్టారు. ఎన్ని అడుగులు వేశాం, నిమిషానికి గుండె ఎన్నిసార్లు కొట్టుకుంది, అంతా దానికి తెలుస్తుందట. మా ఆయనకు నలభై ఏళ్లలో తెలియలేదు.

నవత అనే రీసెర్చ్ స్కాలర్ మైకు పట్టుకుంది. "స్వరూప మేడమ్‌ను చూడండ్రి. రెండేండ్ల కింద షుగర్ మూడు వందలు, మోకాళ్ల నొప్పులు, లిఫ్ట్ లేకుంటే గడప దాటకపోయేది. ఇప్పుడు బీపీ గోలీ గూడ బంద్ అయింది!"

అందరూ నిన్ను చూశారు. నేనూ చూశాను. చూడటానికి బాగున్నావు. అదే నా బాధ.

మనిద్దరికీ షుగర్ ఒకే ఏడాది వచ్చింది. ఒకే డాక్టరు, ఒకే బిళ్ల. నువ్వు యూనివర్సిటీ లైబ్రరీ నుంచి, నేను కాలేజీ నుంచి వచ్చి తార్నాక చౌరస్తాలో మిర్చీబజ్జీలు తిని, ఆ తప్పుకి ఇద్దరం కలిసి బిళ్లలు మింగేవాళ్లం. "కల్సి ముసలోళ్లమైతం వైదేహీ" అని నువ్వే అన్నావు. ఇద్దరం మొదలుపెట్టాం. మధ్యలో నువ్వు మానేశావు.

ఎప్పుడు మానేశావో కూడా నాకు గుర్తుంది. రెండేళ్ల కింద నేను బాత్రూంలో పడి కాలికి కట్టుతో మంచంలో ఉన్నాను. ఆ మరుసటి వారమే నువ్వు కొత్త బూట్లు కొనుక్కున్నావు. తెల్లవి. వేసుకుని వచ్చి నాకు చూపించావు కూడా.

జూన్ 19

అరుంధతి బూట్ల తాళ్లు కట్టుకుంటోంది. నా కొడుకు కూతురు, మా అమ్మ పేరు పెట్టిన పిల్ల. ఎనిమిదింటికి ముందు ఎప్పుడైనా లేచిందా?

"స్వరూప అమ్మమ్మతో వాకింగ్‌కి వెళ్తున్నా బామ్మా. తను భలే జోకులేస్తుంది."

నువ్వు దానికి అమ్మమ్మ ఎప్పుడయ్యావో కనుక్కోవాలి.

షుగర్ చూసుకోలేదు. మిషన్‌లో బ్యాటరీ అయిపోయినట్టుంది.

జూన్ 23

వాట్సాప్ గ్రూపులో వారం లెక్కలు పెట్టారు. రోజుకి సగటున నీవి 9,412. నావి 1,870. నా పేరు కింద ఎవరో చేతులు జోడించిన బొమ్మ పెట్టారు. సంతాపంలా ఉంది.

రాత్రి ఏడింటికే భోజనం అని నువ్వు గ్రూపులో ఫొటో పెట్టావు. కొర్రన్నం, తోటకూర, మజ్జిగ. ఆ కంచంలో నాకు కనిపించింది నీ గొప్పే.

జూన్ 24

ఇవాళ ఒక ప్రయోగం చేశాను.

లచ్చవ్వ మెట్టుగూడ నుంచి మెట్రో స్తంభాల కింద నడుచుకుంటూ ఏడింటికి వస్తుంది. పదకొండేళ్లుగా మా ఇంట్లో చేస్తోంది. ముందు మొదటి అంతస్తులో మాది, తర్వాత నాలుగో అంతస్తులో నీది, మధ్యలో ఇంకో రెండు, పక్క సందులో ఇంకో రెండు. రెండింటికి మళ్లీ మా ఇంటికొచ్చి అన్నం తిని వెళ్తుంది.

పొద్దున చీపురు పట్టుకునే ముందు దాని చేతికి బ్యాండ్ కట్టాను.

"గిదేందమ్మా? నాకెందుకు?"

"గడియారం. కొంచెం పాడైంది. మనిషి ఒంటి వేడికి బాగవుతుందట."

"గట్ల గూడ ఉంటదా?" అని తిప్పి తిప్పి చూసుకుంది. "మంచిగనే ఉన్నదమ్మా. టైము సూస్కోవచ్చు."

మధ్యాహ్నం రెండింటికి విప్పి నా చేతికి కట్టుకుని చూశాను. 13,906.

ఇది మోసం కాదు. ఒక రోజు శాంపిల్.

జూన్ 25

రెండో రోజు శాంపిల్.

జూన్ 30

గ్రూపులో: వైదేహి మేడమ్ 14,220. నలుగురు చప్పట్లు కొట్టారు. నువ్వు ఒక బొటనవేలు పంపావు. కళ్లజోడు పెట్టుకుని ఆ వేలుని చాలాసేపు చూశాను. కొంచెం వంకరగా ఉన్నట్టే ఉంది.

సాయంత్రం నువ్వే దిగివచ్చావు.

"ఏంది వైదేహీ, గిన్ని అడుగులు ఎప్పుడేస్తున్నవ్? నాకు ఒక్కపాలి గూడ కనవడ్తలేవు."

"ఇంట్లోనే నడుస్తున్నాను."

"ఇంట్లనా? మీ ఇల్లేమన్న ఫలక్‌నుమా ప్యాలెసా?"

అరుంధతి పడిపడి నవ్వింది. నీ జోకుకి. నా సోఫాలో కూర్చుని.

జూలై 5

9,800 మాత్రమే.

నీ ఇంటికి వెళ్తూ లచ్చవ్వ మూడో అంతస్తు మెట్ల మీద కూలబడిందట. అరగంట. "కండ్లు తిరిగినయమ్మా. గిట్ల అప్పుడప్పుడైతది, మల్ల తక్కువైతది."

"పొద్దున ఏం తిన్నావు?"

"చాయ తాగిన."

చాయ తాగి వస్తే తిరగక ఏమవుతాయి? రేపటినుంచి రాగానే రెండు ఇడ్లీలు పెడతానన్నాను. నాలో కూడా దయ ఉంది. నువ్వు గ్రూపులో ఫొటో పెట్టే రకం దయ కాదు.

ఇడ్లీ తింటే అడుగులు మళ్లీ పెరుగుతాయి.

జూలై 9

షుగర్ మిషన్‌కి బ్యాటరీ తెప్పించాలి.

జూలై 14, సోమవారం

నిన్న బోనాలు. లచ్చవ్వ శనివారమే సెలవడిగింది. నెత్తిన బోనం ఎత్తుకోవాలి, గుడిదాకా ఊరేగింపు. ఇచ్చాను. ఒక్క షరతు. గడియారం చేతికి ఉండాలి.

"అమ్మవారి కాడికి గూడ పాడైన గడియారమేనా అమ్మా?"

"అమ్మవారి దయవల్ల తొందరగా బాగవుతుంది."

ఈ మాట రాస్తుంటే చేతికి కొంచెం బరువుగా ఉంది. తిరుపతి లడ్డూ ఒకటి తిన్నాను, తగ్గింది.

22,318. నవత ఫోన్ చేసింది. "మేడమ్, ఆదివారం ఎక్కడికి పోయిన్రు? గ్రూపుల రికార్డ్ మీదే!" గుడికి అన్నాను. ఆ ఒక్కటీ అబద్ధం కాదు. గుడికే వెళ్లాయి అడుగులు.

జూలై 19

ఇరవయ్యారున క్యాంపస్‌లో సభ. ఎక్కువ మార్పు చూపించిన ఒకరికి శాలువా. ఆ ఒకరు నేను.

ఆర్ట్స్ కాలేజీ ముందు నవత ఈ సంగతి చెప్తుంటే నేను నీ మొహమే చూశాను. నవ్వావు, చప్పట్లు కొట్టావు. కానీ ముందు ఒక్క క్షణం, రెప్ప వేసేంత సేపు, నీ మొహం జారింది. చూశాను. ఎవరూ చూడలేదు, నేను చూశాను. ఇన్నాళ్ల తర్వాత నువ్వు కూడా నాలాంటిదానివే అయ్యావు.

ఇంటికి వచ్చేదాకా హాయిగా ఉంది. మొదటి అంతస్తుకి లిఫ్ట్ ఎక్కాను.

జూలై 21

లచ్చవ్వ గంట ఆలస్యం. పెదాలు పాలిపోయి ఉన్నాయి. ఈ ముసురుకి అందరూ అలాగే ఉన్నారు.

జూలై 22, మంగళవారం

పదకొండింటికి నవత స్కూటీ మీద వచ్చింది. లిఫ్ట్ పాడైందట, మెట్లెక్కి వచ్చి, నన్ను కూర్చోబెట్టి, మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. నా ఇంట్లో నాకు. అప్పుడే అనుమానం రావలసింది.

"మేడమ్, మీకు కండ్లు తిరుగుతున్నయా? ఎప్పుడన్న పడిపోయిన్రా?"

"లేదే."

కాగితాలు బల్ల మీద పరిచింది. "రాత్రి మీరు పడుకున్నప్పుడు గుండె డెబ్భై ఎనిమిది కొట్టుకుంటున్నది. పొద్దున ఏడు నుంచి రెండు దాంక, గన్ని అడుగులు ఏస్తున్నప్పుడు, నలభై. జూలై అయిదున ఎనిమిదింటికి ముప్పై రెండు. నడుస్తుంటే పెరగాలె గద మేడమ్? ఉల్టా ఉన్నది. మా డాక్టర్ సర్ ఇయ్యాలనే చూసిన్రు. పరేషాన్ అయిన్రు. వెంటనే ఈసీజీ తీయించాలె, మెట్లు అస్సలు ఎక్కొద్దు అన్నరు."

ముందు నా గుండె అనుకున్నాను. ఆ అర నిమిషంలో అనుకున్న మొదటి మాట రాయాలి, డైరీ కాబట్టి. స్వరూపే మిగులుతుంది, అనుకున్నాను.

తర్వాత గ్రాఫ్ చూశాను. రెండు గుట్టలు. డెబ్భై ఎనిమిది దగ్గర ఒకటి, నలభై దగ్గర ఒకటి, మధ్యలో ఏమీ లేదు. ఇలాంటి గ్రాఫ్ బోర్డు మీద గీసి "ఏం తెలుస్తోంది?" అని ఎన్ని బ్యాచ్‌లని అడిగానో. రెండు వేరువేరు గుంపుల్ని తెలియక కలిపేశారు మేడమ్, అని వెనకబెంచీ పిల్ల కూడా చెప్పేది. లేని అంకెలు రాసుకొచ్చిన రికార్డులు ఎన్ని కిటికీలోంచి విసిరానో.

నవతని పంపించేశాను. రేపే ఈసీజీ తీయిస్తానన్నాను. ఎవరికో చెప్పలేదు.

రెండింటికి లచ్చవ్వ వచ్చి అన్నం తింది. బ్యాండ్ విప్పాను. "బాగైందా అమ్మా గడియారం?" అంది.

"బాగైంది. ఇక అక్కర్లేదు."

జూలై 23

సభ మూడు రోజుల్లో ఉంది. లచ్చవ్వని డాక్టరుకి చూపిస్తే చాలు, ఈ సంగతి అందరికీ చెప్పనక్కర్లేదు. రెండూ వేరువేరు విషయాలు. నిన్నంతా ఇదే ఆలోచించాను, తప్పు కనిపించలేదు.

పొద్దున్నే లచ్చవ్వని పనిలో దిగనివ్వకుండా వాళ్ల బస్తీలో ఉండే డాక్టరు దగ్గరికి పంపాను. గుండె చూడమని చెప్పమన్నాను. నేను వెంట వెళ్లలేదు. వెళ్తే నీకెలా తెలుసని అడుగుతారు.

మధ్యాహ్నం తిరిగి వచ్చింది.

"నాడి వట్టి సూసిండమ్మా. మంచిగనే కొట్టుకుంటున్నదన్నడు. గ్యాస్ గోలీలిచ్చిండు."

"కళ్లు తిరుగుతాయని చెప్పావా?"

"చెప్పిన. తిరిగినప్పుడు సూస్తెనే తెలుస్తది, గిప్పుడేం ఎరుకైతది అన్నడు. పాత కాయిదాలేమన్న ఉంటె తెమ్మన్నడు. నాకాడ ఏం కాయిదాలుంటయమ్మా?"

కాగితాలు ఉన్నాయి. నాలుగు వారాలవి, నిమిషం నిమిషానికి. నా పేరు మీద.

సాయంత్రం అరుంధతి శాలువాకి ఏ చీర బాగుంటుందో తీసి చూపించింది. ఆకుపచ్చది అన్నాను.

జూలై 24, గురువారం

వరసలో రాస్తాను. లేకపోతే మధ్యలో ఏదో ఒకటి నాకు అనుకూలంగా మారిపోతుంది.

ఆరింటికి లేచి ఆటోలో ఆర్ట్స్ కాలేజీకి వెళ్లాను. నువ్వూ అరుంధతీ రెండు చుట్లు పూర్తిచేసి గడ్డి మీద కూర్చున్నారు. నవత ఎవరి బ్యాండో సరిచేస్తోంది.

"అరెరె, వైదేహి మేడమ్! మీరు నడవొద్దన్న గద. ఈసీజీ తీయించుకున్నరా?"

"ఆ గుండె నాది కాదు."

"అంటే?"

"అడుగులూ నావి కావు. పగలంతా బ్యాండ్ లచ్చవ్వ చేతికి కట్టాను."

అరుంధతి "బామ్మా!" అంది. ఆ ఒక్క మాటలో చాలా ఉంది, ఇక్కడ విప్పి రాయను. నువ్వు తిడతావని ఎదురుచూశాను. నాలుగు మాటలు సిద్ధం చేసుకుని కూడా వచ్చాను.

నువ్వు అడిగింది ఒక్కటే. "లచ్చవ్వ గిప్పుడు యాడున్నది?"

ఆరూ యాభై. ఏడింటికి మా ఇంటికి వస్తుంది. మా తలుపుకి తాళం చూస్తే నేరుగా నాలుగో అంతస్తుకి, నీ ఇంటికి. లిఫ్ట్ మంగళవారం నుంచి పాడు. అరుంధతి ఫోన్ చేసింది, లచ్చవ్వ ఎత్తలేదు.

నువ్వు ఉరికావు. చెట్ల కింద నుంచి రోడ్డు దాకా, డెబ్భై ఏళ్లదానివి, చీర కుచ్చిళ్లు ఒక చేత్తో పట్టుకుని, తెల్ల బూట్లతో. అరుంధతి నీ వెనక. పోయే ఆటోని ఆపి ఎక్కేశారు. నేను నవత స్కూటీ వెనక ఎక్కేసరికి అయిదు నిమిషాలు పట్టింది. కాలు పైకి రాలేదు.

మేం అపార్ట్‌మెంట్ చేరేసరికి మీరు లచ్చవ్వని దింపుతున్నారు. మూడో అంతస్తు మలుపులో బకెట్ పక్కన ఒరిగిపోయి ఉందట, మాట లేదు. ఒక భుజం కింద నువ్వు, ఒక భుజం కింద అరుంధతి. నీకు ఆయాసం లేదు. లచ్చవ్వ బరువంతా నీ మీదే ఉంది, నువ్వు దాని చెవిలో "ఏం గాదు లచ్చవ్వా, కండ్లు తెరువు, ఇగో వచ్చినం" అంటూ ఒక్కో మెట్టూ దిగుతున్నావు.

నేను కింద నిలబడి చూశాను. ఆ సమయంలో కూడా నాకు కుళ్లు పుట్టింది. మెట్లు దిగడం కూడా అంత బాగా దిగాలా?

ఆసుపత్రిలో నవత కాగితాలు చూపించింది. అవి ఉండబట్టి తొందరగా తేలిందన్నారు. గుండె మధ్యమధ్య కొట్టుకోవడం మర్చిపోతోంది. పేస్‌మేకర్ పెట్టాలి. ఇంకో రెండు రోజులు మెట్లెక్కి దిగుంటే చెప్పలేం అన్నారు.

మంగళవారం నుంచి అలాంటి రెండు రోజులు నేను అప్పటికే వాడుకున్నాను.

జూలై 26

సభ జరిగింది. నేను వెళ్లలేదు. శాలువా నీకివ్వబోతే వద్దన్నావని అరుంధతి చెప్పింది. నాతో మొన్నటినుంచి అది మాట్లాడిన మొదటి మాట.

సభ నుంచి నేరుగా నువ్వు ఆసుపత్రికి వచ్చావు. లచ్చవ్వకి నిన్న పేస్‌మేకర్ పెట్టారు. బయట బెంచీ మీద ఇద్దరం కూర్చున్నాం.

"ఒక్కటే అడుగుత వైదేహీ. మంగళారం తెలిసింది. బేస్తారం దాంక ఎందుకాగినవ్?"

"నీ ముందు తక్కువ కావడం ఇష్టం లేక."

వెంటనే చెప్పేశాను. నువ్వు చాలాసేపు నీ బూట్లు చూసుకున్నావు.

"నేనెందుకు నడుస్తున్ననో ఎరుకేనా నీకు?"

"నూరేళ్లు బతకాలని."

"నీ మొహం. నువ్వు బాత్రూంల పడ్డనాడు ఇంట్ల నేనొక్కదాన్నే ఉంటి. నిన్ను లేపనీకి సూసిన. నాతోని కాలే. నడుం పట్టింది, మోకాలు ఇరిగినట్టైంది. వాచ్‌మన్ అచ్చేదాంక తడి బండల మీద నీ పక్కన కూసున్న. నువ్వు నొప్పికి ఏడుస్తున్నవ్, నేను సిగ్గుకు ఏడ్సిన. ఆ ఆయితారమే బూట్లు కొన్న. నీకు సూపియ్యనీకి అస్తే మొహం అటు తిప్పుకుంటివి."

తిప్పుకున్నాను. గుర్తుంది.

ఏదో ఒకటి అనాలి కాబట్టి, "ఇప్పుడైతే లేపగలవా?" అన్నాను.

నన్ను పైనుంచి కిందికి చూశావు. "నువ్వా? ఇంకో ఆర్నెల్లు నడవాలె."

జూలై 28

షుగర్ మిషన్‌లో బ్యాటరీ ఉంది. మొదటినుంచీ ఉంది. 264.

జూలై 30

లచ్చవ్వ మెట్టుగూడలో కూతురింటికి చేరింది. వెళ్లి అంతా చెప్పాను. గడియారం కాదని, అడుగులు నా పేరు మీద రాసుకున్నానని.

కాసేపు అర్థం కానట్టు చూసింది. "అంటే నేను నడిస్తె మీకు శాలువా ఇస్తరా?"

"ఇవ్వబోయారు."

"బోనాల నాడు నడిసింది గూడ మీదేనా?"

తల ఊపాను.

"గది మాత్రం అమ్మవారిదమ్మా. మీకు రాదు." అని నవ్వబోయి, కుట్టు లాగినట్టుంది, ఆగిపోయింది. తర్వాత గోడ వైపు తిరిగి మెల్లగా అంది, "పదకొండేండ్లు జేసిన. నాకు చెప్పి కట్టుంటే కాదందునా?"

నీళ్ల గ్లాసు దాని చేతికి అందేలా జరిపి లేచాను.

మెట్రో స్తంభాల కింద నడిచి వచ్చాను. రెండుచోట్ల కూర్చున్నాను. దారంతా ఒకే ఆలోచన. నువ్వు నడిస్తే అది అలవాటు మార్చుకోవడం. నవత కాగితంలో ఎక్కుతుంది, ఆయుష్షు పెరుగుతుంది. లచ్చవ్వ నీకంటే ఎక్కువ నడిచింది, ముప్పై ఏళ్లుగా, చాయ తాగి. దాన్ని ఎవరూ లెక్కపెట్టలేదు. మొదటిసారి లెక్కపెట్టినప్పుడు నా పేరు రాశారు.

ఆగస్టు 2

మూడు నెలలు లచ్చవ్వకి పని లేదు, జీతం ఉంటుంది. మిగతా అయిదిళ్లవాళ్లకీ నేనే వెళ్లి చెప్పాను. ముగ్గురు వెంటనే ఒప్పుకున్నారు. మిగిలిన ఇద్దరూ నేను స్టాటిస్టిక్స్ పాఠం మొదలుపెట్టేసరికి ఒప్పుకున్నారు. మా ఇల్లు నేనే ఊడుస్తున్నాను. మంచం కింద ఇంత దుమ్ము ఉంటుందని తెలియదు.

నవత ఇంకా మర్యాదగానే ఉంది, అదే ఇబ్బంది. పాత అంకెలన్నీ కొట్టేసి మళ్లీ మొదటినుంచి పెట్టిస్తానంది, నేను ఉంటానంటే. ఉంటానన్నాను.

నీ మీద కుళ్లు పోలేదు, స్వరూపా. తగ్గిందని రాద్దామనుకున్నాను, కానీ ఇక్కడ ఇక తప్పుడు అంకెలు రాయకూడదు.

ఈ కింది భాగం చింపి అరుంధతి చేత నీకు పంపిస్తున్నాను. పైది నీకు కాదు.

స్వరూపా,

రేపు పొద్దున వాకింగ్‌కి వెళ్లేటప్పుడు మా తలుపు కొట్టు. నేను ఊడ్చే పనిలో ఉంటాను, బెల్లు కాదు, తలుపు కొట్టు. లచ్చవ్వ మందుల చీటీ, ఒక కవర్ ఇస్తాను. అందులో బ్యాండ్, ఛార్జర్ ఉంటాయి. ఆర్ట్స్ కాలేజీ దగ్గర నవత చేతికే ఇవ్వు, మళ్లీ కొత్తగా పెట్టి ఇస్తుంది, వేరే ఎవరికీ ఇవ్వకు. వచ్చేటప్పుడు మెట్రో స్టేషన్ కింద మందుల షాపులో లచ్చవ్వ చీటీ చూపించి పదిహేను రోజుల బిళ్లలు తీసుకో. అదే కంపెనీ కావాలి, ఇంకోటి అంటగడతాడు, ఒప్పుకోకు. తొమ్మిదింటికి ఇద్దరం మెట్టుగూడ వెళ్లి ఇద్దాం. నడిచి. మధ్యలో రెండుచోట్ల ఆగుతాను, ఏమీ అనకు.

బ్యాండ్ మాత్రం కవర్లోంచి తీయకు. చేతికి కట్టుకున్నావంటే నీ అడుగులు నా పేరు మీద పడతాయి. ఇవాళ నావి రెండువేల నూట నలభై. అంతే ఉండనీ.